వల బిళ్ళకి మావ ఇచ్చిన సర్టిఫికెట్టు

ఆ రోజుల్లో, అంటే రెండువేల పదమూడు ప్రాంతాల్లో, నాకు హామ్ రేడియో (సొంత సెట్టుతో దూరాలవాళ్ళతో మాట్లాడుకునే సరదా రేడియో) లైసెన్సు కొత్తగా వచ్చింది; బుద్ధి మాత్రం ఇంకా రాలేదు. శ్రీకాకుళంలో ఓ కాలేజీ ల్యాబులో చిన్న ఉద్యోగం. ఆదివారం వస్తే పాత ఇనుము కొట్లో చచ్చిన కంప్యూటర్లు విప్పి, వాటి కడుపులోని నల్లటి ఫెర్రైట్ రింగులు (ఇనుప తుప్పు పొడి కలిపి కాల్చినవి) ఏరుకోవడం మా పని. మా అంటే నేనూ, రేడియోలో నా గురువు మావా (చుట్టరికం ఏమీ లేదు, మా పేటంతటికీ ఆయన మావే). ఆ రింగుకి తీగ చుట్టి యాంటెనా మొదట్లో తగిలిస్తేనే మన మాట గాల్లోకి సరిగ్గా వెళ్తుంది. చిక్కేమిటంటే చూడ్డానికి అన్నీ ఒకటే, లోపలి సరుకు వేరు. ఏది మనకి పనికొస్తుందో, ఏది ఊరికే వేడెక్కి చస్తుందో దాని మీద రాసి ఉండదు.

పది చుట్లు చుట్టి మీటరుతో కొలిస్తే తెలుస్తుంది. మావకి అంత ఓపికేదీ! రింగుని ముందుపంటికి టకటకా కొట్టి, మల్టీమీటరు పుల్లలు రెండూ దానికి ఆనించి, కళ్ళు మూసుకుని తీర్పు చెప్పేవాడు. "కరెంటు పారట్నేదు. నికెలు జింకు. నాకాడుంచు." కరెంటు పారకపోతే అది మనకి పనికొచ్చే నికెలు జింకు రకమని ఆయన లెక్క. పోనీ అయస్కాంతం అంటుకుంటుందో లేదో చూద్దాం మావా అంటే, "అది పిల్లలాటరా, నీకేటి తెలస్తాది!" అని కసిరేవాడు. ఆ దర్జా చూస్తే నాకు చేతులు దురద పెట్టేవి. ఓసారి సముద్రం ఒడ్డున నౌపడ వైపు వెళ్ళినప్పుడు, చేపల వలకి బరువు కోసం కట్టే కాల్చిన మట్టిబిళ్ళ, మధ్యలో కన్నమున్నది, ఒకటి అడిగి తెచ్చాను. గరుకు కాగితంతో నున్నగా రుద్ది, ముదురు బూడిదరంగు పూసి, రింగుల్లో కలిపేశాను. మావ పంటికి కొట్టాడు. పుల్లలు ఆనించాడు. మట్టిలో కరెంటెలా పారుతుంది! "ఓలమ్మో! ఒరే, ఇలాటి సరుకు నా జన్మలో సూడనేదురా!" నేను నవ్వాపుకోలేక బయటికెళ్ళి దగ్గినట్టు నటించాను.

తిరిగొచ్చేసరికి మావ ఆ బిళ్ళని రుమాల్లో భద్రంగా మూట కడుతున్నాడు. "ఇది నీకేరా. వచ్చే ఆదివారం నీ తొలి మాట గాల్లోకి వెళ్తాది గదా! నేనే సుట్టిస్తాను."

నా నవ్వు ఎగిరిపోయింది. వారమంతా చెప్పేద్దామని మావ ఇంటిదాకా వెళ్ళడం, గుమ్మంలోంచే తిరిగొచ్చేయడం. ఆదివారం పొద్దున్న బెంగళూరులో ఒకాయన నా పిలుపు కోసం రేడియో ముందు కాచుక్కూర్చున్నాడు. పిలిచాను, పిలిచాను. ఉలుకూ పలుకూ లేదు. మావ తీగ విప్పి చుట్టాడు, మళ్ళీ విప్పాడు. ఆఖరికి కుర్చీలో కూలబడి, "నా సెవులే పోనాయేమోరా. ముసలోణ్ణయిపోనాను" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చేసింది. "మావా, అది వల బిళ్ళ. రంగేసింది నేనే."

మావ నన్ను చూశాడు, బిళ్ళని చూశాడు. తన్నేస్తాడనుకున్నాను. సైకిలెక్కి ఇంటికెళ్ళి, తన సొంత సెట్టుకున్న రింగు ఊడదీసుకొచ్చి నాకు కట్టాడు. రెండో పిలుపుకే బెంగళూరాయన పలికాడు. నాకంటే ముందు మావే చప్పట్లు కొట్టాడు. తర్వాత చెవి దగ్గరికొచ్చి, "ఎవలికీ సెప్పకురా, పరువు పోతాది" అన్నాడు.

మళ్ళీ మంచి రింగు దొరికేదాకా మావ సెట్టు మూగబోయింది. నేనేమో రోజూ దేశమంతటితో కబుర్లు. తెలివైనవాణ్ణనుకునేవాణ్ణి గానీ, ఉత్త వెధవని. ఇన్నేళ్ళూ మాట తప్పలేదు మావా. ఇవాళ మాత్రం ఇది చదివే వీళ్ళందరికీ చెప్పేశాను. కోపమొస్తే రేపు పొద్దున్న రేడియోలో పిలిచి తిట్టు, వింటాను.