చిన్నాయన రిజెక్టు చేసిన కలువ

నిన్న బీరంగూడ అంగట్ల కూరగాయలామె తామరదుంపను పుటుక్కున విరిచి, లోపలి తొర్రలు నా కళ్లముందు పెట్టి "తాజా తామరవేరు సూడమ్మా" అన్నది. అది వేరు కాదు, కాండమని చెప్పబోయి ఊరుకున్న. బాటనీ పాఠం చెప్పి నేను గెలిచిన బేరం ఇంతవరకు ఒక్కటీ లేదు. కానీ ఆ తొర్రలు చూడంగనే మా చిన్నాయన యాదికొచ్చిండు.

చిన్నాయన పటాన్‌చెరు దిక్కు ఒక ఫౌండ్రీలో పోతపోసిన ఇనుప సామాను తనిఖీ చేసేటోడు. పోతలో గాలి చిక్కి బొక్క పడిందా, సుద్దముక్కతో ఇంటూ కొట్టి పక్కన పెట్టుడే. ఆయన పాస్ చేసిన సరుకు లారీ ఎక్కేది, నేను పాస్ చేసిన పిల్లలు పై క్లాసెక్కేటోళ్లు. వాపసు వచ్చిన సరుకు మాత్రం నాదే ఎక్కువ. రిటైరైనంక ఆయన వాకిట్ల బల్ల నడిమధ్య కూర్చొని, చిన్నమ్మ చేసే ప్రతి పనినీ తనిఖీ చేస్తుండె. ఆమెకేమో సగానికి కోయించిన నీలం డ్రమ్ములో పెంచుకునే కలువే లోకం.

ఒక వానకాలం దాని ఆకులు పసుపు పారినయి. నేను పోయేసరికి చిన్నాయన మొక్కను పీకి బల్ల ముందలి బండ మీద పరిచి, ఒక వేరును బ్లేడుతో అడ్డంగ కోసి, పాత డ్యూటీ భూతద్దంతో చూస్తున్నడు.

"లోపలంత బొక్కలే బిడ్డా. కుళ్లింది. రిజెక్టు!"

చిన్నమ్మ మొక్కను ఒడిలోకి గుంజుకున్నది. "మనిషి రిటైరైండు గని నోరు ఇంక డ్యూటీలనే ఉన్నది. ఇది పారేస్తే నేను గూడ మా తమ్మునింటికి పోత."

నేను వేరును వాసన చూసిన, నొక్కి చూసిన. తెల్లగ, గట్టిగ ఉన్నది. "కొన దగ్గర కోసి చూడు చిన్నాయనా" అన్న. కోసిండు, నిండుగ ఉన్నది. జెర పైన కోస్తే సన్నటి సందులు. ఇంకా పైన కోస్తే జల్లెడ. ఆయన కనుబొమ్మలు లేచినయి.

"అంటే ముందుగాల గట్టిగనే పెరిగి, ఎనుక బొక్కలు చేసుకుంటున్నదా? ఎందుకు?"

"బురదలో గాలి ఉండదు గదా. ఆకుల నుంచి వేరు దాకా గాలి దిగేటందుకు తోవ అది. మట్టిల సత్తువ లేక ఆకులు పండినయి, అంతే."

"మరి ఆడున్న కణాలు యాడికి పోయినయి?"

ఇంత మంచి ప్రశ్న నన్ను ఏ విద్యార్థీ అడగలేదు. అడగనందుకు లోలోపల సంతోషపడ్డ రోజులే ఎక్కువ. "కలువలోనైతే యాడికీ పోవు. పెరుగుకుంట ఒకదానికొకటి ఎడం జరుగుతయి, నడుమ సందు పెద్దగైతది. వరి వేరులోనైతే కొన్ని కణాలు వాటంతట అవే చచ్చిపోయి జాగ ఇస్తయి."

"ఇన్నరా?" అన్నది చిన్నమ్మ. "చావనక్కరలేదంట, జరిగితే చాలంట. ఈ బల్ల మీద మీరెప్పుడన్న జరిగిన్రా?"

చిన్నాయన ఇంకోసారి భూతద్దంలో చూసిండు. "పాస్" అని, బల్ల అంచుకు జరిగిండు. చిన్నమ్మ మొక్క తోటే వచ్చి పక్కన కూర్చున్నది. పొద్దుగూకే లోపల డ్రమ్ముల కొత్త మట్టి వేసినం; నెల తిరగకముందే మొగ్గ తొడిగింది.

నిన్న దుంపలు తీసుకొని చిన్నమ్మ దగ్గరికే పోయిన. చిన్నాయన లేడు, డ్రమ్ముల కలువ ఉన్నది. చిన్నమ్మ ఇప్పటికీ బల్ల మీద తన సగంలోనే కూర్చుంటది. ఫౌండ్రీలో చిన్న బొక్కలైతే వెల్డింగు చేసి పూడ్చేటోళ్లమని ఆయన చెప్పేటోడు. ఇన్నేండ్లు గడిచినా, ఆ బల్ల మీది ఖాళీని పూడ్చాలని మాకెవ్వరికీ తోచలేదు.