తిరుపతమ్మ ఇల్లు చల్లబరిచిన రోజు

తిరుపతమ్మను తిట్టని మనిషి మా బ్లాకులో లేడు. నేనూ తిట్టాను. నిజానికి తిట్టాల్సింది నన్నే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కల్లూరులో మావి నలభై ఏళ్ల నాటి సర్కారు క్వార్టర్లు. మూడో అంతస్తులో, సరిగ్గా కప్పు కింద ఉన్న ఇల్లు ఆమెది. మొగుడు తిమ్మయ్య బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టేవాడు. పక్షవాతం వచ్చి నాలుగేళ్లుగా మంచం మీదే ఉన్నాడు. ఏప్రిల్ వచ్చిందంటే ఆ గది పొయ్యే! ఆయన వీపంతా పుండ్లు. పోయిన మే నెలలో రెండుసార్లు ఆసుపత్రిలో పడ్డాడు. ఆ గదిలో ఇంకో ఎండాకాలం తట్టుకోలేడని డాక్టరు ముఖం మీదే చెప్పేశాడు.

ఈ ఏడు ఎండలు మొదలవగానే పాత క్వార్టర్లు బాగుచేసే పథకం వచ్చింది. కప్పు మీద వేడిని ఆపే తెల్ల రంగు, లోపల సీలింగు, కరెంటు తక్కువ తాగే ఫ్యాన్లు. అయితే బాగా కాలిపోయే బ్లాకులకే చేస్తారట. ఆ వేడి చూడటానికి మా బ్లాకులో తిరుపతమ్మ ఇంటిని ఎంచుకున్నారు. బ్లాకు సంఘం కార్యదర్శిని కదా, నేనే పోయి చెప్పాను.

"అక్కా, రేపు మద్దేనం సార్లు వస్తాండారు. ఇల్లు రవంత బాగా పెట్టుకో."

మీటరు పెట్టి వేడి చూస్తారన్న మాట చెప్పలేదు. నా బుద్ధి గడ్డి తింది!

ఆమె ఇంటికి ఏనాడూ ఆఫీసరన్నవాడు రాలేదు. వచ్చినవాళ్లను ఉక్కలో కూర్చోబెడితే మర్యాద కాదనుకుంది. పొద్దున్నించీ మెట్లు ఎక్కి దిగుతూ, రెండు రోజులకోసారి వచ్చే కొళాయి నీళ్లన్నీ బిందెలతో మోసి మిద్దె మీద పోసింది. పైన గోనెసంచులు తడిపి పరిచింది. కిటికీలకు తడి చీరలు కట్టింది. నేను సార్లను వెంటబెట్టుకుని పోయేసరికి ఇల్లు చల్లగా ఉంది. ఆమె నవ్వుతూ మజ్జిగ తెచ్చింది. బయట నలభై మూడు, మీటరులో ముప్ఫై మూడు.

"సార్, నీళ్లు పోసిందండీ! రోజూ ఇట్ల ఉండదు. ఇంకోసారి రండి," అని బతిమాలాను.

"మీటరు సూపించిందే రాస్తామమ్మా. మళ్లీ రావడం కుదర్దు," అన్నాడు పెద్దసారు, మజ్జిగ తాగుతూనే.

జాబితాలో మా బ్లాకు లేదు. ఎదురు బ్లాకు కప్పు తెల్లగా మెరుస్తుంటే, పై అంతస్తువాళ్లు తిరుపతమ్మ తలుపు ముందు నిలబడి నోటికొచ్చినట్లు తిట్టారు. గుంపులో నిలబడి నేనూ రెండు మాటలు అన్నాను. ఆమె నా పేరు చెప్పొచ్చు. చెప్పలేదు.

"ఇంటికొచ్చినోళ్లకు ఉక్క పోయగూడదనుకుంటి. అది తప్పా?" అంది, అంతే.

ఇప్పుడు మే నెల. నిన్న సిగ్గు చంపుకుని పైకి పోయాను. ఆమె తడిగుడ్డతో తిమ్మయ్య ఒళ్లు తుడుస్తోంది. గోడ ముట్టుకుంటే చెయ్యి కాలింది. ఆయన నన్ను గుర్తుపట్టి, వంకర తిరిగిన నోటితో మెల్లగా అడిగాడు.

"నాగలతమ్మా, ఆ సార్లు మళ్లీ ఎప్పుడొస్తారు? ఆ పొద్దు శానా బాగ నిద్రపట్టింది."

"వస్తారులేయ్యా, పండుకో," అంది తిరుపతమ్మ, నా వైపు చూడకుండా.