కుంకుమబొట్టు కింద స్పోర్ట్ బటన్

ఆదివారం ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. కారు ముందు బంపరుకూ మా వదిన పాదాలకూ మధ్య దూరం రెండు మీటర్ల పది సెంటీమీటర్లు. కారు కదిలి ఆగిన దూరం ఒక మీటరు ఎనభై. మిగిలింది ముప్పై సెంటీమీటర్లు, బడిపిల్లల స్కేలు పొడవు. ఆమె నిలబడిన ముగ్గు అంచునూ, చిట్లిన నిమ్మకాయల మరకలనూ ఆధారం చేసుకొని ఆ సాయంత్రం నేనే టేపు పెట్టి కొలిచాను. ఒక కర్మాగారంలో పీడనమాపకాలను సరిచూడడం నా వృత్తి. ఆ పూట కొలవడం తప్ప మరే పనీ నాకు చేతకాలేదు.

మా అన్న గుడియాత్తంలో లుంగీల వ్యాపారి. ముప్పై ఏళ్లు సొంత వ్యానులో బేళ్లు వేసుకొని ఊరూరా తిరిగాడు. ఎడమ మోకాలికి శస్త్రచికిత్స జరిగాక, ఇక క్లచ్ తొక్కవద్దని వైద్యుడు చెప్పాడు. ఆ ఏడాదే వదిన మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వారానికి రెండుసార్లు వేలూరు ఆసుపత్రిలో డయాలసిస్. పోయేటప్పుడు బస్సులో ఎలాగో పోయేది. తిరుగు ప్రయాణంలో పళ్లికొండ చేరేసరికి కళ్లు తిరిగి, ముందు సీటు కమ్మీకి తల ఆనించేది. ఆమెను సీటు వెనక్కి వాల్చి పడుకోబెట్టి, తానే ఇంటికి తీసుకురావాలన్నది అన్న పట్టుదల. ఆటోమేటిక్ కారు కొన్నది అందుకే.

ముందు రోజు సాయంత్రం కాట్పాడి అవతల ఒక ఖాళీ మైదానంలో అతనికి గంటసేపు నేర్పాను. బ్రేకు మీద నుంచి కాలు తీస్తే చాలు, యాక్సిలరేటర్ ముట్టకపోయినా కారు మనిషి నడక వేగంతో ముందుకు పాకుతుందని చూపించాను. గేరు పక్కనున్న బటన్ సంగతీ చెప్పాను. నార్మల్‌లో పెడల్ కొద్దిగా నొక్కితే ఇంజను కొద్దిగానే స్పందిస్తుంది. గేర్లు త్వరగా పైకి మారుతాయి. స్పోర్ట్‌లో అదే నొక్కుడుకు ఇంజను ఎక్కువగా బదులిస్తుంది. కింది గేరును ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. రెండింటిలోనూ బండి గరిష్ఠ బలం ఒకటే. అది ఎంత త్వరగా చక్రాలకు అందుతుందన్నదే తేడా.

"అంటే ఒకటే కూలోడు," అన్నాడు అన్న. "ఒగదినం పిలిస్తే నిమ్మళంగా లేస్తాడు, ఒగదినం పిలవకముందే పరిగెత్తుకొస్తాడు. అంతే కదప్పా?"

"అంతేన్నా. ఆ రెండోవాణ్ని మాత్రం పిలవొద్దు."

"నాకెందుకప్పా వాడు? మీ వదినను ఎక్కించుకొని రేసుకు పోతానా ఏంది?"

మా ఇంట కొత్త బండికి పూజ చేసేది ఇల్లాలే. దీపాలు వెలుగుతూ, ఇంజను నడుస్తూ ఉండాలి. చెయ్యి తగిలే ప్రతిచోటా బొట్టు పెట్టాలి. చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు ఉంచి ఎదురుగా హారతి పట్టాలి. అది వెలుగుతుండగానే బండి జానెడు కదలాలి. నిమ్మకాయలు చిట్లిన చప్పుడు హారతి పట్టినవాళ్లకు వినిపించాలి. వ్యానుతో ఇది అన్నకు నల్లేరు మీద నడక. క్లచ్ సగం పట్టి, యాక్సిలరేటర్ గట్టిగా ఇచ్చేవాడు. దూకబోయే బండిని క్లచ్ పట్టి ఆపేవాడు.

వదిన కారులో బొట్లు పెడుతున్నప్పుడు నేను వీధి కుళాయి దగ్గర కొబ్బరికాయ కడుగుతున్నాను. ఆమే, డ్రైవరు సీటులో ఉన్న అన్నా ఏం మాట్లాడుకున్నారో తరువాత చెప్పారు.

"చూడు, కుంకం పెట్టంగానే బండి ఎర్రంగా ఎలిగింది," అంది వదిన.

"నాకూ ఇన్నేండ్లుగా చాకిరీ చేస్తావుండావు. నేనెప్పుడన్నా ఎలిగినానా?"

"నువ్వు యాడ ఎలుగుతావు? ఉడుకుతావు, అంతే."

వదిన దిగి ముగ్గులో నిలబడింది. కుడిచేత పళ్లెం. ఎడమ చేతిని ఎప్పటిలాగే ఒంటికి దగ్గరగా పెట్టుకుంది. ఆ మోచేతి దగ్గర చర్మం కింద రెండు రక్తనాళాలను కలిపి కుట్టారు. డయాలసిస్ సూదులు గుచ్చేది అక్కడే. దెబ్బ తగిలితే ఆ దారి మూసుకుపోవచ్చు. అప్పుడు మళ్లీ శస్త్రచికిత్స, మళ్లీ నెలల తరబడి ఎదురుచూపు. దారి తెరిచి ఉంటే వేలికి సన్నని కంపనం తెలుస్తుంది. రోజూ పొద్దున్నే దాన్ని పట్టి చూసుకున్నాకే ఆమె కాఫీ తాగేది.

అన్న గేరు మార్చి, వ్యాను అలవాటున యాక్సిలరేటర్ నొక్కాడు.

ఇంజను అరిచింది. కారు పాకలేదు, దూకింది. చేతిలో కొబ్బరికాయతో నేను నిలుచున్నచోటే ఉండిపోయాను. అన్న ఎడమకాలు, వైద్యుడు విశ్రాంతిగా ఉంచమన్న ఆ కాలు, లేని క్లచ్ కోసం బలంగా దిగింది. ఆటోమేటిక్ కారులో బ్రేకు పెడల్ వెడల్పుగా ఉండి ఎడమవైపుకు సాగుతుంది. కాలు దాని మీద పడింది. కారు ముక్కు నేలకు వంగి ఆగిపోయింది.

వదిన వెనక్కి అడుగు వేసి, కుళాయి ముందు వరుసగా పెట్టిన ప్లాస్టిక్ బిందెల మీద పడింది. పళ్లెం జారింది. ఎడమ చెయ్యి మాత్రం నిటారుగా పైకి లేచి ఉంది. పడుతూ కూడా ఆమె ఆ చేతిని కింద పడనివ్వలేదు.

"బిందె పోతే పోయిందిలేమ్మా, మొదల్ల నువ్వు లెయ్యి," అంది ఎదురింటావిడ. వదిన లేవలేదు. అన్న దిగి వచ్చి, ఆరు నెలలుగా వంచని మోకాలు వంచి నేల మీద కూర్చున్నాడు.

"చెయ్యియ్యి. ఆ చెయ్యి ఇట్టియ్యి." రెండు వేళ్లు ఆనించి చాలాసేపు ఉన్నాడు. తరువాత నావైపు చూశాడు. "తెలీలేదప్పా. నాకేమీ తెలీలేదు."

నేనూ పట్టి చూశాను. కంపనాలు కొలవడం తెలిసిన నా వేళ్లకు ఏదో తగిలింది గాని, అది ఆమెదో నాదో చెప్పలేకపోయాను.

వదిన మా ఇద్దరి చేతులూ తోసేసి, కుడిచేతి వేళ్లు పెట్టి కళ్లు మూసుకుంది.

"ఉండాది," అంది. "కొట్టుకుంటావుండాది. మీ వణుకు మీకు తగిలింటాది."

ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది. ఆపడానికి కారులోకి వంగినప్పుడు చూశాను: డ్యాష్‌బోర్డు తెర అంతా ఎరుపు, మధ్యలో స్పోర్ట్ అన్న అక్షరాలు. గేరు పక్క బటన్ మీద గుండ్రని కుంకుమబొట్టు. నున్నటి బటన్ మీద బొట్టు నిలవాలని వదిన వేలు గట్టిగా అద్దింది. అన్న పాదం నేర్చుకున్నది నార్మల్‌లో. నొక్కింది వ్యాను లెక్కన. కారు బదులిచ్చింది స్పోర్ట్‌లో. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా నిమ్మకాయలు చిట్లి, కారు జానెడులోనే ఆగేది. ఆ సంగతి అర్థమయ్యాక బటన్ మళ్లీ నొక్కి నార్మల్‌కు మార్చి, ఇంజను ఆపాను.

వెంటనే వేలూరు వెళ్లాం. నేను నడిపాను. స్కాను తీసి, దారి తెరిచే ఉందని చెప్పారు. అన్న పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ వెనక సీటులో కూర్చున్నాడు. తరువాతి రెండు డయాలసిస్‌లకూ నేనే సెలవు పెట్టి తీసుకెళ్లాను. ఆ మరుసటిసారి వదిన ముందు సీటులో కూర్చుని నన్ను ఆపింది.

"నువ్వు ఎనక కూర్చో నాయనా. ఈయన నడిపితేనే నేనొస్తా."

"నీకు భయం లేదా?" అన్నాడు అన్న, వాకిట్లో నిలబడే.

"ఉండాది. బస్సంటే ఇంకా జాస్తి భయముండాది."

అతను ఎక్కాడు. బ్రేకు మీద కాలు పెట్టి, గేరు మార్చకుండా ఆగాడు. "ఏ రంగుండాదో చెప్పు."

వదిన తెరకు ముఖం దగ్గరగా పెట్టి చూసింది. "తెల్లంగా ఉండాది. పోనీ."

కాలు బ్రేకు మీద నుంచి లేచింది. యాక్సిలరేటర్ వైపు పోలేదు. కారు దానంతట అదే వీధి చివరిదాకా పాకింది.

నష్టాలు ఇవి. ప్లాస్టిక్ బిందె ఒకటి, నూట నలభై రూపాయలు. స్కాను, పద్దెనిమిది వందలు. చీర కుచ్చిళ్ల మీద కర్పూరం కాల్చిన రంధ్రం ఒకటి. హారతి పళ్లెం అంచుకు సొట్ట, తీయించలేదు. నిమ్మకాయలు నాలుగు, ఒకటి చిట్లకుండా కాలువలోకి దొర్లింది. కారుకు గీత కూడా పడలేదు. అన్న నడపకుండా పోయిన వేలూరు ప్రయాణాలు, మూడు.