బావ పట్టుకున్న కండువా

మా బావ చొప్పదండిలో సాంచె మీద బట్ట నేసేవాడు. ఎన్నికలొస్తే అన్ని పార్టీల కండువాలూ నేసేవాడు. ఎవరి మెడలో కొత్త బట్ట కనిపించినా అంచును వేళ్ల మధ్య నలిపి చూడటం ఆయన అలవాటు.

బావ ఇంటి గోడ కూలినప్పుడు సర్కారు ఇల్లు ఇప్పిస్తానన్న నాయకుడు ఆ ఇళ్లన్నీ తన చుట్టాలకే ఇప్పించుకున్నాడు. మళ్లీ ఓటడగడానికి వేరే రంగు కండువాతో మా గల్లీకి వచ్చాడు. బావ ఆ కండువా పట్టి గుంజి, "నా ఇల్లేదిరా దొంగా?" అని గర్జించాడు. పోలీసులు కూడా బావకు దండం పెట్టారు.

ఆ గుంజుడు, గర్జన, దండం నేను చాయ్ హోటల్లో చెప్పే కథ. నిజానికి బావ కండువా అంచు నలిపి చూశాడు. వేలాడుతున్న పోగును గోటితో తెంపాడు. "బాగున్నవా కాకా?" అని నాయకుడు ఆయన భుజం తట్టి ముందుకు పోయాడు.

"ఇంటి సంగతి అడగకపోతివేంది బావా?" అన్నాను.

"గాయన పార్టీ మారిండు. పాత పార్టోళ్లు గాయన మాతోని లేడంటరు, కొత్త పార్టోళ్లు గా మాట మేమియ్యలేదంటరు. ఇగ ఎవలనడగాలె బామ్మర్ది?"

మబ్బు పట్టింది. ఇద్దరం పోయి గోడ లేని దిక్కు ప్లాస్టిక్ పరదా కట్టాం.