క్రేనుకి మంగళవారం సెలవు

అది 1983. జంషెడ్‌పూర్‌లో నేను పనిచేసిన మిల్లుకి కంప్యూటర్ కాగితాలు రావడం మొదలైన ఏడు. టైమాఫీసులో నా ఉద్యోగం పేరు రికార్డు సప్లయరు. పేరు పెద్దది, పని చిన్నది. హాజరు కాగితాలు కట్టగట్టి సైకిల్ మీద కంప్యూటర్ బిల్డింగుకి తీసుకెళ్ళాలి, అక్కణ్ణుంచి ప్రింటౌట్లు మిల్లుకి తేవాలి. నాకు అక్షరాలు ముప్పై దాటాక వచ్చాయి, వెల్ఫేర్ సెంటర్లో సాయంత్రం క్లాసులో. అంతకుముందు కట్ట బరువు తెలిసేది గాని లోపల ఏముందో తెలిసేది కాదు.

గ్రూపు అంటే ఏమిటో ముందు చెప్పాలి. మిల్లు ఏడు రోజులూ నడుస్తుంది. అందరికీ ఆదివారమే సెలవంటే కొలిమి ఆరిపోతుంది. అందుకని మనుషుల్ని గ్రూపులుగా విడగొట్టి ఒక్కో గ్రూపుకి ఒక్కో రోజు వీక్లీ ఆఫ్, అంటే వారపు సెలవు, ఇస్తారు. పాత రోజుల్లో టైమాఫీసు గోడకి గళ్ళు గళ్ళుగా ఒక చెక్క బీరువా ఉండేది. మనిషికో కార్డు. ఎవరైనా బదిలీ అయితే పెద్దబాబు, అంటే హెడ్ క్లర్కు, ఆ కార్డుని ఒక గడిలోంచి తీసి ఇంకో గడిలో పెట్టేవాడు. ఆయన మరిచిపోయాడా, మనిషి ఒకచోట, హాజరు ఇంకోచోట. కొత్తగా పర్మనెంటైన వాళ్ళు నెలల తరబడి ఏ గ్రూపుకీ చెందకుండా తిరిగేవారు. కంప్యూటర్ వచ్చాక ఆ తిప్పలు పోయాయి. శనివారం సాయంత్రం అప్‌డేట్ నడిపితే చాలు, ఎవడు ఏ గ్రూపులో ఉండాలో అదే చూసుకుని సర్దేసేది. మంచి పనే. నేను కాదనను.

సింహాచలం నాలుగో నంబరు క్రేన్ డ్రైవరు. మా శ్రీకాకుళం వైపువాడే. మిల్లు కప్పు కింద, అందరి తలల మీదుగా, ఎర్రగా కాలిన ఇనుప దిమ్మెల్ని ఎత్తి పక్కకి పెట్టే క్రేన్ అది. దాని మీద కూర్చోవడానికి అతను చాలా ఏళ్ళు కింద హెల్పరుగా గొలుసులు తగిలించాడు. భార్య పైడమ్మ ఆస్పత్రిలో ఆయా. బాగ్‌బేరాలో మా ఇళ్ళ వరసలోనే ఉండేవారు. ఆమె నన్ను అన్నయ్య అనేది, దాంతో అతనికి నేను బావనయ్యాను.

అతనికి మంగళవారం సెలవు, ఆమెకి ఆదివారం. అతనిది తిరుగుడు షిఫ్టు, ఆమెది పొద్దుటి డ్యూటీ. ఒకరు తలుపు తీస్తుంటే ఒకరు తాళం వేసుకునే సంసారం. ఆమె రోస్టరు మేట్రన్ చేతిలో ఉండేది. మంగళవారం బయటి రోగులు ఎక్కువ, ఆ రోజు సెలవు అడగొద్దని ఆవిడ ఎప్పుడో తేల్చేసింది. పిల్లల్లేరు. గ్యాంగువాళ్ళు సింహాచలాన్ని ఏడిపించేవారు, నీకు పిల్లలు పుడితే ఆ క్రేనుకే పుట్టాల్రా అని. అతను నవ్వేవాడు. నవ్వి గబగబా నిచ్చెనెక్కేసేవాడు.

కంప్యూటర్ రాకముందు నుంచీ నా సైకిల్ దారిలోనే ఆస్పత్రి గేటు. అందుకని వాళ్ళ కబుర్లు నేనే మోసేవాణ్ణి. పులుసు మూత పెట్టి ఉంది, వేడి చేసుకోమను. గొడుగు పక్కింట్లో ఉంది, తీసుకోమను. జ్వరం తగ్గిందా లేదా, మాత్ర వేసుకున్నాడా లేదా. ఏళ్ళ తరబడి ఇదే. ఒకనాడు పైడమ్మ గేటు ఊచలు పట్టుకుని కబురేమీ చెప్పలేదు. తన మాటే చెప్పింది:

“అన్నియ్యా, నాకు సీరొద్దు, సినిమా వొద్దు. ఒక్క దినం మీ బావకెదురుగా కూకుని అన్నం తినాల. వడ్డించేసి పరిగెట్టడం కాదు. కూకుని తినాల.”

నా భార్య ఊళ్ళోనే ఉండిపోయింది. క్వార్టరు వచ్చాక తీసుకొద్దామనుకున్నాను. అది వచ్చేసరికి ఆమె లేదు. ఆ క్వార్టరు నాకొద్దని చెప్పి బాగ్‌బేరా అద్దె గదిలోనే ఉండిపోయాను. కాబట్టి పైడమ్మ మాట నాకు మామూలు కబురులా తోచలేదు.

ఫోర్‌మన్ మిశ్రాజీని అడిగాను. మంచివాడు. ఆదివారం గ్రూపులో ఖాళీ ఉంది, మంగళవారం ఇంకో క్రేన్ మీద పని చూపిస్తాను, మార్చేయమన్నాడు. పెద్దబాబు కూడా సరేనని దిద్దుబాటు కార్డు ఒకటి రాసిచ్చాడు. నేనే కంప్యూటర్ బిల్డింగుకి తీసుకెళ్ళి ఇచ్చాను. వచ్చే ఆదివారం ఇంట్లోనే ఉంటాడని పైడమ్మకి గేటు దగ్గరే చెప్పాను. ఆమె ఖర్కాయి నది చేపలు కొనమంది.

ఆదివారం పొద్దున్న పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా మిల్లు నుంచి మనిషొచ్చాడు. లిస్టులో సింహాచలం డ్యూటీలో ఉన్నాడు, క్రేన్ ఖాళీగా ఉంది, రమ్మన్నారు. అతను చొక్కా తగిలించుకుని వెళ్ళిపోయాడు.

ఎక్కడో పొరపాటనుకుని పెద్దబాబు మళ్ళీ దిద్దాడు. శనివారం అప్‌డేట్ నడిచింది, సింహాచలం మళ్ళీ మంగళవారంలోకి పోయాడు. మూడోసారీ అంతే. మేము వారమంతా మార్చడం, అది ఒక్క పూటలో వెనక్కి తోసేయడం. మూడోసారి సింహాచలం మొండికేశాడు, ఎవరొచ్చినా కదలనన్నాడు. ఇలా డ్యూటీ ఎగ్గొడితే చార్జిషీటు రాయక తప్పదని మిశ్రాజీ కబురంపాడు. ఉద్యోగం పోతుందని పైడమ్మే అతన్ని బయటికి నెట్టి తలుపేసింది.

నాకు ఒళ్ళు మండింది. సోమవారం కంప్యూటర్ బిల్డింగుకి వెళ్ళి, చెప్పులు బయట విప్పి, ప్రోగ్రామరు షిప్రా దీదీ బల్ల ముందు నిలబడ్డాను. చిన్నపిల్ల, బెంగాలీ. నన్ను కాకా అనేది. మీ మెషిను మా మనిషిని మింగేస్తోందన్నాను. ఆమె కోప్పడలేదు. ప్రింటౌటు వెనక బొమ్మ గీసి చూపించింది. మనిషి సెలవు మనిషిది కాదట. నాలుగో నంబరు క్రేన్ మరమ్మత్తు మంగళవారం. ఆ క్రేన్‌కి ఎవడి పేరు ఉంటే వాడికి మంగళవారం సెలవు. ప్రతి శనివారం మెషిను క్రేన్‌ని చూసి మనిషిని సర్దుతుంది. మధ్యలో మేము చేత్తో ఏం రాసినా దానికి లెక్క లేదు.

“మనిషి క్రేన్‌కి వేలాడతాడు, క్రేన్ సెక్షన్‌కి, సెక్షన్ డిపార్ట్‌మెంట్‌కి. అంతే కాకా,” అంది హిందీలో.

“మనిషిని పెళ్ళానికి కట్టే గడి ఎక్కడా లేదా తల్లీ?”

ఆమె బొమ్మ పక్కన ఇంకో గడి గీసింది. “ఒకటుంది. నామినీ. మనిషి పోయాక డబ్బెవరికి ఇవ్వాలో అందులో ఉంటుంది. అతను బతికుండగా దాన్ని తెరవం.”

ఆమె ఎగతాళికి అనలేదు. అన్నాక తల దించుకుంది కూడా. ఆ తర్వాత ఆమే జాబితా తిరగేసి, స్క్రాప్ యార్డు క్రేన్‌కి ఆదివారం సెలవని, అక్కడ డ్రైవరు కావాలని చెప్పింది.

స్క్రాప్ యార్డంటే తుక్కు ఇనుము పోసే మైదానం. నెత్తిన కప్పు ఉండదు. ఎండాకాలం ఆ క్యాబిన్‌లో కూర్చోవడమంటే పెనం మీద కూర్చోవడమే. మిల్లు క్రేన్ దిగి అక్కడికి ఎవడూ కోరి వెళ్ళడు. వెళ్తే శిక్ష మీద వెళ్ళాడనుకుంటారు. ఈ సంగతి గేటు దగ్గర పైడమ్మకి చెప్పాను. ఆమె ఒక్కసారే తల అడ్డంగా ఊపింది.

“సెప్పన్నియ్యా మీ బావతో. నా కోసం దిగొద్దు. ఆ కేను మీదుంటేనే మనిషిలాగుంటాడు.”

ఆ మాట సింహాచలానికి చేరవేశాను. అతను నిచ్చెన కింద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. అది అయిపోయాక నేలకేసి నలిపాడు.

“పైనుంచి అందరి తలలూ కనిపిత్తాయి బావా,” అన్నాడు. “మీ సెల్లి మొకం సూడాలంటే మాత్రం కళ్ళు మూసుకోవాల. నాను దిగిపోతన్నానని సెప్పేయ్.”

అర్జీ పెట్టాడు. బదిలీ అయింది. నాలుగో నంబరు నుంచి పేరు తీసి స్క్రాప్ యార్డు క్రేన్‌కి ఎక్కించారు. ఆ శనివారం మెషిను ఎవరూ బతిమాలకుండానే అతన్ని ఆదివారం గ్రూపులో వేసేసింది. నేను ప్రింటౌటులో ఆ పేరు వేలు పెట్టి చదువుకున్నాను, రెండుసార్లు.

ఆదివారం నన్నూ భోజనానికి రమ్మన్నారు. రానంటే వినలేదు. చేపల పులుసు. పళ్ళేలు రెండు ఎదురెదురుగా, నాది పక్కన. కూర్చున్నాం. అతను పళ్ళెంలోకి చూస్తాడు, ఆమె పొయ్యి వైపు చూస్తుంది. కొత్త పెళ్ళికూతురు కూడా అంత బిగుసుకుని కూర్చోదు. కాసేపటికి పైడమ్మ నా వైపు తిరిగింది.

“అన్నియ్యా, మీ బావకి ఇంకొంచెం అన్నం కావాలేమో అడుగు.”

“సాలని సెప్పు బావా,” అన్నాడు అతను, నాతోనే.

చెప్పడానికి నా నోరు తెరుచుకుంది కూడా. అలవాటు అలాంటిది. ఆపుకున్నాను.

“మద్దిన నానెందుకే? మూరెడు దూరంలో ఉన్నాడు. నువ్వే అడుగు,” అన్నాను.

లేచి చెయ్యి కడుక్కున్నాను. పళ్ళెంలో ఇంకా అన్నం ఉంది. ఉండమని ఎవరూ అనలేదు, అనకపోవడమే మంచిది. సందులోకి వచ్చి సైకిల్ తీస్తుంటే లోపలి నుంచి పైడమ్మ గొంతు చిన్నగా వినిపించింది. “ఏటయ్యా, ఇంకొంచెం ఎయ్యనా?” అతనేమన్నాడో వినపడలేదు. వినడానికి ఆగలేదు.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒకటుంది. లిస్టు తప్పుగా వస్తే లిస్టు మీద కొట్టుకోకూడదు. ఆ పేరు దేనికి వేలాడుతోందో అక్కడికి వెళ్ళాలి, అక్కడ మారిస్తేనే మారుతుంది. కాకపోతే అక్కడ మార్చాలంటే ఎవడో ఒకడు దేని మీదనుంచో దిగిరావాలి. ఆ మాట మెషిను చెప్పదు.

ఆ తర్వాత కూడా రోజూ ఆస్పత్రి మీదుగానే వెళ్ళేవాణ్ణి. పైడమ్మ కనిపిస్తే చెయ్యి ఊపేది. చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఒక మగాడు పెళ్ళానికి, ఒక ఆడది మొగుడికి చెప్పుకునే మాటలు అన్నేళ్ళు నా నోట నడిచాయి. నాకంటూ అలాంటి మాటలు ఎవరితోనూ అనే రాత లేకపోయింది. అవి వాళ్ళవే, వాళ్ళకి చేరాయి, అంతే కావాలి. అయినా ఆ గేటు రాగానే ఒక కాలు నేల మీద ఆన్చి, సైకిల్ దిగకుండానే, కాసేపు ఆగేవాణ్ణి.