మూరెడు ఎడమకు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ వస్తువూ చెప్పిన మాట వినేది కాదు. వంటింటి తలుపు కాస్త పైకెత్తితేనే మూసుకునేది. గోడ గడియారం ఎప్పుడూ పావుగంట ముందుండేది. వాటిని బాగు చేయించాలని ఎవరికీ తోచలేదు, వాటి వంకరలకు మేమే అలవాటు పడిపోయాం. అందరికంటే ఎక్కువ అలవాటు పడినవాడు మా తాత. ఆయన దగ్గర ఒక తుపాకి ఉండేది.

మా ఊరు ఎల్లారెడ్డికి దగ్గర. చేలు అయిపోయిన చోటే అడవి మొదలయ్యేది. తాత వయసులో ఉన్నప్పుడు షికారుకు వచ్చే ఒక దొర దగ్గర పనిచేశాడు. ఆ దొర ఈ ప్రాంతం విడిచి వెళ్తూ తన రైఫిల్‌ను, లైసెన్సుతో సహా తాత పేరు మీదికి మార్పించి ఇచ్చి వెళ్లాడు. గొట్టం కింద ఉన్న చెక్క పిడిని వెనక్కి గుంజి ముందుకు తోస్తే కొత్త తూటా ఎక్కేది. అందుకని ఊళ్లో దాన్ని గుంజుడు బందూకు అనేవారు. మెల్లగా గుంజితే పేలిన తూటా గుల్ల మధ్యలో ఇరుక్కునేది, ఒక్క ఊపున గుంజాలి. అడవి పందులు మొక్కజొన్న చేలల్లో, అంటే మా మక్క చేలల్లో పడితే అందరూ తాతనే పిలిచేవారు. ఇప్పుడు అనుమతి లేకుండా పందిని కొట్టకూడదు, అప్పటి సంగతి వేరు.

తాత గురి తప్పడని ఊరంతా చెప్పుకునేవారు. ఆయనకు గర్వం ఉండేది కానీ పైకి కనిపించనిచ్చేవాడు కాదు. మీసం మాత్రం దాచలేకపోయేది.

నాకు పదేళ్లప్పుడు, ఒక వానాకాలం, తాత తుపాకిని తుడిచి మంచం మీద పెట్టి స్నానానికి వెళ్లాడు. అందులో తూటాలు లేవు. ఉన్నప్పుడు దాన్ని మా కంటికి కూడా కనిపించనిచ్చేవాడు కాదు. నేను పక్కన కూర్చుని చూస్తుంటే, గురి చూసుకోవడానికి గొట్టం మీద ఉండే చిన్న ఇనుప రేకు ఒక పక్కకు ఒరిగి కనిపించింది. దాని మర వదులైపోయింది. మా అమ్మ బీడీలు చుట్టే చాటలో ఉన్న కత్తెర తెచ్చి, రేకును నిటారుగా జరిపి, కత్తెర మొనతో మర గట్టిగా బిగించాను. ఎంత మంచి పని చేశానో అని నాకు నేనే మురిసిపోయాను. తాతకు చెబితే తుపాకి ముట్టుకున్నందుకు తిడతాడని చెప్పలేదు.

రెండు రోజుల తర్వాత పక్కింటి అవ్వ వచ్చింది. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది అరెకరం మక్క చేను. పందులు ఒక మూల నుంచి తినడం మొదలుపెట్టాయి. మర్నాడు తెల్లవారుతుండగా తాత చేను గట్టు మీద కూర్చున్నాడు. పెద్ద మగపంది అరవై అంగల దూరంలో అడ్డంగా నిలబడిందట. తాత కొట్టాడు. తప్పింది. గుంజి మళ్లీ కొట్టాడు. అదీ తప్పింది. బెదిరిన మంద చేను నడుమ నుంచి పరుగెత్తి, తిన్నదానికంటే ఎక్కువ తొక్కి పోయింది.

పొద్దెక్కాక అవ్వ మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంది. ఆమె తిట్టి ఉంటే తాత తట్టుకునేవాడు. ఆమె తిట్టలేదు.

"పోనియ్ అన్నా. వయసు మీద వడ్డది. నువ్వు మాత్రం ఏం జేస్తవ్," అంది.

ఆ మంచి మాటే ఆయన్ని కూలదోసింది. ఆమె వెళ్లాక అమ్మతో మెల్లగా అన్నాడు: "ఎప్పటిలెక్కనే మూరెడు ఎడమకు వట్టిన బిడ్డా. ఆ బందూకు మూరెడు కుడికి పోతదని నాకు ఇరువై ఏండ్ల సంది ఎరుకే. అయినా తప్పింది. కండ్లు పోయినయ్."

నేను గుమ్మంలో నిలబడి విన్నాను. తుపాకి కుడికి పోతుందని నాకు అప్పుడే తెలిసింది. ఎందుకు పోయేదో, ఇప్పుడు ఎందుకు పోవడం లేదో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

అయినా చెప్పలేదు. భయం. ఆ తర్వాతి రెండు రోజుల్లో తాత నా కళ్ల ముందే ముసలివాడైపోయాడు. నిన్నటి దాకా చీకట్లో కూడా పశువుల కొట్టంలోకి చరచరా వెళ్లినవాడు గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. కంచంలో రాళ్లున్నాయేమో చూడమని నన్ను అడిగాడు. చూపు ఎక్కడికీ పోలేదు, పోయిందని నమ్మాడంతే. శుక్రవారం ఎల్లారెడ్డి బస్సెక్కి తుపాకిని ఠాణాలో అప్పగించి వస్తానన్నాడు. అమ్మ ఎంత చెప్పినా వినలేదు.

శుక్రవారం పొద్దున్న తుపాకికి గోనె పట్టా చుడుతున్నాడు. ముడి వేయమని తాడు కొస నా చేతికిచ్చాడు. "నాకు కనవడ్తలేదు," అన్నాడు. నేను ఆ తాడు పట్టుకునే ఏడ్చేశాను. ఏడుస్తూనే కత్తెర సంగతి, మర సంగతి చెప్పాను.

తాత తాడు పక్కన పడేశాడు. పట్టా విప్పి ఆ రేకును వేలితో కదిపి చూశాడు. కదల్లేదు. అమ్మ చాటలోంచి పెద్ద తునికాకు ఒకటి ఏరి, దాని నడుమ సున్నంతో చుక్క పెట్టి, నన్ను వెంటబెట్టుకుని వాగుకు నడిచాడు. అవతల ఎత్తయిన మట్టి గట్టుకు ఆకును ముల్లుతో గుచ్చి వచ్చి, అరవై అంగల దూరాన ఇసుక సంచి మీద గొట్టం ఆనించాడు. నన్ను తన వెనక కూర్చోబెట్టాడు. మొదట తన అలవాటు ప్రకారం కొట్టాడు. ఆకుకు మూరెడు ఎడమన మట్టి లేచింది. రెండోసారి సరిగ్గా చుక్కకే గురిపెట్టాడు. ఆకు అదిరింది. మూడోసారీ అదిరింది.

వెళ్లి చూస్తే రెండు చిల్లులూ చుక్కను ఆనుకుని ఉన్నాయి. తాత ఆ ఆకును ఊడదీసి చిల్లుల మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత తలగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు.

"నువ్వు జేసింది మంచి పనే," అన్నాడు. "చెప్పకపోవుడే తప్పు. నేను సుత నీకు ఎన్నడు చెప్పలే గద, అది కుడికి పోతదని. తప్పు సగం సగం."

అవ్వ దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రం ఆ సగాన్ని కూడా తన మీదే వేసుకున్నాడు. "బందూకు చూసుకోకుంట వచ్చిన, నాదే తప్పు," అన్నాడు. నా పేరు ఎత్తలేదు. వారం తిరగకుండానే ఆ మగపందిని పడగొట్టాడు. మిగిలిన చేను అవ్వకు దక్కింది.

పందిని కొట్టిన సాయంత్రమే రేకు మీద, గొట్టం మీద కలిసేలా ఆకురాయితో ఒక గీత గీశాడు. ఇక రేకు కదిలితే గీత తప్పి, చూడగానే తెలిసిపోతుంది. ఆ తర్వాత గుల్ల ఇరుక్కునే సంగతి కూడా చూస్తానని పిడి విప్పబోతూ ఆగి, అమ్మను, నన్ను, పక్కింటి అవ్వను కూడా పిలిచాడు. "అందరు ఇనుండ్రి. ఇప్పుడు దీన్ని కిరసనాయిలుతోని కడుగుతున్న. రేపటి సంది అల్కగ గుంజినా వస్తది. తర్వాత చెప్పలేదనొద్దు," అన్నాడు. ఆ తుపాకిని గుంజేది ఆయనొక్కడే. అవ్వ పడీ పడీ నవ్వింది.

ఇప్పుడు నాకు అప్పటి తాత వయసు దాటింది, కామారెడ్డిలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. నేను సరిచేసిన మర ఒక మనిషిని రెండు రోజులు గుడ్డివాణ్ణి చేసింది. ఆ రెండు రోజులు ఆయనకు తిరిగి ఇవ్వలేకపోయానన్న బాధ నాకు ఇంకా ఉంది. అందుకే మా వాళ్లలో ఏ పెద్దవాళ్లయినా చూపు తగ్గిందనో, చెయ్యి పట్టు తప్పిందనో, ఇక తమవల్ల కాదనో అంటే, ముందు పిల్లలను పక్కకు పిలిచి అడుగుతాను, వాళ్లకు చెప్పకుండా మీరేం మార్చారని. చాలాసార్లు ఏదో ఒకటి మార్చే ఉంటారు.