కుంజంబు మాష్ ఆకుపచ్చ సిరా

కుంజంబు మాష్‌కు, అంటే మాస్టారికి, ఉన్నది ఒకటే జబ్బు. అచ్చయిపోయిన పుస్తకాన్ని దిద్దడం. పుస్తకం బైండు కట్టించుకుని, గ్రంథాలయం ముద్ర వేయించుకుని, బీరువాలో ఒద్దికగా కూర్చున్నాక అప్పుడు తీసేవారు జేబులోంచి ఆకుపచ్చ సిరా కలం.

పిల్లల కోసం ముప్ఫయ్యారు పుస్తకాలు రాసిన మనిషి. ఒక్కో గ్రంథాలయంలో ఒక్కోలా దిద్దడంతో, కేరళలో కన్నూరు నుంచి కాసరగోడు దాకా ఆయన కథల్లో నక్కలు ఊరికో బుద్ధితో బతికేవి. పయ్యన్నూరులో దొంగిలించిన కోడిని నీలేశ్వరంలో తిరిగిచ్చేసేవి. పెళ్లికి పిలిస్తే శుభలేఖ దిద్ది తిప్పి పంపేవారు.

చెరువాయి గ్రంథాలయం, దాన్ని చూసుకునే కార్త్యాయనిది. ఊరందరిదీ అనే మాట ఆమె ముందు అనడానికి ఎవరికీ నోరు రాదు.

“మాష్, మీ పుస్తకం మీ ఇంట్లో లేదా?”

“ఉంది. అది ఎప్పుడో దిద్దేశాను.”

“ఇది ఊరి సొత్తు.”

“కథ నాదే కదా కార్త్యాయనీ.”

“కూతుర్ని అత్తారింటికి పంపాక కూడా వెళ్లి జడ విప్పి మళ్లీ వేస్తారా?”

“వంకరగా ఉంటే వేస్తాను.”

ఆ ఏడు తనిఖీలో మొదటి తరగతి వస్తేనే గ్రంథాలయానికి కొత్త పుస్తకాలు. కార్త్యాయని బీరువాలు తుడిచి తుడిచి సగమైంది. తీరా తనిఖీకి వచ్చిన పెద్దమనిషి చేతికి మాష్ రాసిన నీటికాకి కథే తగిలింది. చివరి పేజీలో “సముద్రం దాటిన తల్లికాకి మళ్లీ రాలేదు” అన్న అచ్చు వాక్యం కొట్టేసి ఉంది. కింద “వానలు వెలిశాక వచ్చింది.” అదీ కొట్టేసి “ఓణానికి వచ్చింది.” అదీ కొట్టేసి “తెయ్యం జాతర రోజుల్లో వచ్చింది.”

“ఇది తల్లికాకా, మా ఊరి బస్సా?” అన్నాడాయన. “సోమవారం మళ్లీ వస్తాను. ఈ చోట శుభ్రమైన ప్రతి లేకపోతే మొదటి తరగతి మరిచిపోండి.”

కార్త్యాయని కొత్త ప్రతి తెప్పించి, పాతది సొరుగులో వేసి తాళం పెట్టింది. “ఈ గడప తొక్కితే కలం విరిచేస్తాను” అని మాష్‌కు కబురు పెట్టింది. మాటకు మాట తగిలించే మనిషి ఆ శనివారం వచ్చి, గడప తొక్కకుండా వరండా స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు.

కాసేపటికి ప్రసీత వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల. తల్లి మూడేళ్లుగా కువైట్‌లో నర్సు, ఈ పిల్ల అమ్మమ్మ దగ్గర. ఎప్పటిలా నీటికాకి కథే తీసి, ముందు చివరి పేజీ తెరిచింది.

“కార్త్యాయని చేచ్చీ, ఇది తప్పు పుస్తకం. ఇందులో అమ్మ రాలేదు.”

“అచ్చయింది అంతేనమ్మా.”

“కాదు. అమ్మ ఉత్తరంలో ఎప్పుడొస్తానంటే మాష్ అప్పుడే రాస్తారు. నన్నడిగే రాస్తారు.”

వానలు, ఓణం, తెయ్యం. సెలవు దొరకలేదని ఉత్తరం వచ్చిన ప్రతిసారీ ప్రసీత అమ్మమ్మ వీధి గుమ్మంలో దిగులుగా కూర్చోవడం కార్త్యాయని కళ్లారా చూసింది. బయటికి చూస్తే మాష్ తీరుబాటుగా కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

“ఈసారి ఎప్పుడంది మీ అమ్మ?”

“విషు పండక్కి.”

మచ్చలేని కొత్త ప్రతి. ఎల్లుండే సోమవారం. కార్త్యాయని రిజిస్టరు కలం తీసి, అచ్చు వాక్యం మీద అడ్డంగా గీత గీసి, గుండ్రంగా రాసింది: “విషుకి వచ్చింది.”

“అక్కడ నిలబడి చెవులు నిక్కించనక్కర్లేదు, లోపలికి రండి” అంది గుమ్మం వైపు.

మాష్ వచ్చి చదివారు. జేబు తడుముకున్నారు.

“ఉత్తినే ‘వచ్చింది’ అంటే ఎలా కార్త్యాయనీ? పిల్ల నిద్ర లేచాకా, లేవక ముందా?”

“నన్నడుగుతారేం? దాన్నడగండి.”

ప్రసీత పుస్తకం మీదికి వంగింది. “లేవక ముందే. తెల్లారుజామున నా కళ్లు మూసి, దేవుడి ముందు పూలూ పళ్లూ పేర్చిన కణినే మొదట చూసేలా నడిపించేది అమ్మే కావాలి. అమ్మమ్మ చేతులు గరుకు.”

మాష్ కలం మూత తీశారు. కార్త్యాయని పుస్తకం ఆయన వైపు తిప్పింది.

“ఆ మూల చోటు చాలదు. వెనక అట్ట మీద రాయండి, మళ్లీ దిద్దక్కర్లేకుండా.”